పదకొండో పేరు

యేటిపాడు, తూర్పు వాటా
జూలై 6

లోవలక్ష్మికి,

గోడకు ఇవతలి నుంచి మీ అక్క సత్యకుమారి రాస్తున్నది.

ఇది చూసి నవ్వుతావో, చింపేస్తావో తెలియదు. నువ్వు పోపు వేస్తే నాకు తుమ్ము వచ్చేంత దగ్గర మన వాటాలు. అయినా ఈ ఉత్తరం ద్రాక్షారామం వెళ్ళి, అక్కడి నుంచి రాజమండ్రి వెళ్ళి, సంచి మారి మళ్ళీ మన ఊరికే వస్తుంది. పోస్టు బుల్లిరాజు చేతికి ఇస్తే తిప్పి తిప్పి చూశాడు. "ఈ వూరి నుంచి ఈ వూరికే పోస్టేంటండీ? ఇటివ్వండి, గోడ మీంచి పడేస్తాను" అన్నాడు. "ముద్ర పడకుండా వెళ్ళడానికి వీల్లేదు" అన్నాను.

ఎందుకో చెబుతాను. మావయ్యగారు పోయిన పదకొండో రోజున రామాలయం అరుగు మీద, పెద్దలందరి ముందూ, మీ బావగారి తల మీద చెయ్యి పెట్టించి నాతో ప్రమాణం చేయించారు కదా. ఏమన్నానో ఇంటికి రాగానే నోటుబుక్కులో రాసుకున్నాను. 'ఆ ఇంటివాళ్ళతో నోరు విప్పి మాట్లాడను. వాళ్ళ గడప తొక్కను. వాళ్ళింటి నిప్పూ నీళ్ళూ తిండీ ముట్టను.' నెల రోజులుగా ఆ మూడు వాక్యాలే చదువుతున్నాను. ఉత్తరం రాయనని ఎక్కడా లేదు. ఫోనంటే నోరు విప్పాలి. వాట్సాప్ పెడదామంటే ఫోను పొద్దస్తమానం మీ బావగారి దగ్గరే ఉంటుంది.

నా నోటుబుక్కును నువ్వు ఎప్పుడూ ఎగతాళి చేసేదానివి. ఏ ఇంటికి ఏ గిన్నె వెళ్ళిందో, అట్లతద్దికి మన వీధిలో ఒకరికొకరు వాయనం ఇచ్చుకునే పదకొండు మంది ఎవరో, ఇరవై రెండేళ్ళుగా అందులోనే ఉంది. నువ్వు కాపరానికి వచ్చినప్పటి నుంచీ పదకొండో పేరు నీదే. నిన్న చూసుకుంటే నీ ఇడ్లీ పాత్ర కూడా నా దగ్గరే ఉన్నట్టు రాసి ఉంది. తిరిగి ఇవ్వకూడదని ప్రమాణంలో లేదు. గోడ మీద పెట్టాను, తీసుకో.

దుర్గాశ్రీకి జలుబు తగ్గిందా? రెండు రోజులుగా దగ్గు వినిపించడం లేదు.

మీ అక్క
సత్యకుమారి


యేటిపాడు, పడమర వాటా
జూలై 14

అక్కకి నమస్కారాలు.

ఉత్తరం ఐదో రోజున అందింది. బుల్లిరాజు గడప బయట నిలబడి చెయ్యి బారెడు చాపి ఇచ్చాడు. "గవర్నమెంటు ఉత్తరమండి, దీనికి మైల అంటదండి" అని తనకు తనే ధైర్యం చెప్పుకున్నాడు. ఇడ్లీ పాత్ర కూడా అందింది. లోపల కరివేపాకు రెబ్బలున్నాయి. మా ఇంటిది ముట్టనన్నారు గానీ మీ ఇంటిది ఇవ్వనని అనలేదు కదా! మీతో ఎవరూ నెగ్గలేరు.

నవ్వాను అక్కా. నెల్లాళ్ళకి మొదటిసారి.

ఇక్కడి సంగతులు మీకు సగం వినబడుతూనే ఉంటాయి, మిగతా సగం రాస్తాను. పాలు పోసే అబ్బాయి మానేశాడు. మీ మరిది క్షవరానికి ద్రాక్షారామం వెళ్తున్నారు. కాల్చని శవానికి మైల తీరదట, అందుకని మా ఇల్లు ఎన్నేళ్ళయినా చావు ఇల్లేనట. మీ వాటాలో బావగారు దర్భలతో బొమ్మ చేయించి కర్మ జరిపించారు కాబట్టి మీకు శుద్ధి అయిపోయింది. మావయ్యగారు దేహాన్ని మెడికల్ కాలేజీకి రాసిచ్చి, కర్మ వద్దని రాసి పెట్టారు కాబట్టి మేం చేయలేదు. ఆయన్ని కాలేజీకి అమ్ముకున్నామని కూడా అంటున్నారు. దానికి మీ మరిది రెండు రోజులు అన్నం తినలేదు.

స్కూలు ఆటోలో ఎప్పుడూ పిల్లల్ని కుక్కేవాడు. ఇప్పుడు దుర్గాశ్రీ పక్కన ఎవరినీ కూర్చోబెట్టడు. "అమ్మా, కాళ్ళు చాపుకుని కూర్చున్నాను, గాలి బాగా వస్తోంది" అని చెప్పింది. నేను గిన్నెలు తోముకునే మిషతో పెరట్లోకి వెళ్ళిపోయాను.

మీ మరిదికి భీమవరంలో ఐసు ఫ్యాక్టరీలో పని ఉందన్నారు. సార్వా కోతలు అవగానే, కార్తీకం వెళ్ళేలోగా, ఈ వాటాకి తాళం పెట్టి వెళ్ళిపోదామనుకుంటున్నాం. పిల్ల కోసం.

ఆ కాగితం సంగతి మాత్రం మీరు ఎవరి దగ్గరా ఎత్తకండి. అంబులెన్సుకి అడ్డంగా నిలబడి "దీని మీద సాక్షి సంతకాలు ఎవరు పెట్టారు?" అని బావగారు అరిచినప్పుడు "మేమిద్దరం" అని నేను చెప్పాను. అదే ఉండనివ్వండి.

మీ చెల్లెలు
లోవలక్ష్మి


యేటిపాడు, తూర్పు వాటా
ఆగస్టు 2

లోవలక్ష్మికి,

భీమవరం అన్న మాట చదివాక మూడుసార్లు ఉత్తరం మొదలుపెట్టి ఆపేశాను. అక్కడి నీళ్ళు ఉప్పగా ఉంటాయి, పిల్లకి పడవు. ఇది కారణం కాదని నాకూ తెలుసు.

మీ బావగారి మీద నీకు కోపం ఉంటుంది. ఉండాలి కూడా. కానీ ఒకటి చెప్పాలి. అంబులెన్సు వెళ్ళిపోయాక ఆయన దొడ్లోకి వెళ్ళి, దహనానికని కొట్టించిన మామిడి కట్టెల్ని ఒక్కొక్కటే పేర్చారు. పెద్దవి కింద, చిన్నవి పైన. ఇప్పటికీ ఆ పేర్పును కదపనివ్వరు. వానకి తడిసి కుక్కగొడుగులు మొలిచాయి. పొయ్యిలోకి తీస్తానంటే "పెద్దకొడుకుగా నాకున్నది ఆ ఒక్క పని. అది కూడా ఉంచలేదు మా నాన్న" అన్నారు. పెద్దలు మిమ్మల్ని వెలి వేస్తామంటే ఆయన ఊరుకున్నది అందుకే. అది న్యాయమని కాదు.

మావయ్యగారు ఎందుకలా నిర్ణయించుకున్నారో నీకు ఎంతవరకు చెప్పారో నాకు తెలియదు. నువ్వు ఆ వారం పుట్టింట్లో ఉన్నావు. యెహెజ్కేలు పోయిన వారం. చిన్నప్పటి నుంచి మావయ్యగారితో కలిసి పొలం చేసినవాడు. చర్చి పేట నుంచి వాళ్ళ సమాధుల దొడ్డికి దగ్గర దారి మన వీధే. రామాలయం ముందు నుంచి పెట్టె వెళ్ళకూడదని పెద్దలు ఆపేశారు. ఆ వానలో వాళ్ళు చేలగట్ల మీదుగా, మోకాలి లోతు బురదలో మోసుకెళ్ళారు. మావయ్యగారు ఎనభై ఏళ్ళ వయసులో పెట్టె కొమ్ము పట్టుకుని వాళ్ళతో వెళ్ళారు. తిరిగొచ్చాక నేను వేడినీళ్ళు తోడుతుంటే అన్నారు: "వాళ్ళ దొడ్డి ఆ గట్టున, మన కాడు ఈ గట్టున. నేను రెండు గట్లకీ వెళ్ళనమ్మా. నన్ను కోసి చూసే పిల్లలు నేను ఎవరింటి వాణ్ణో అడగరు."

గోడ మీద సీతాఫలాలు పెట్టాను. రెండు పండాయి, మిగతావి బియ్యంలో వెయ్యి.

సత్యకుమారి


యేటిపాడు, పడమర వాటా
ఆగస్టు 19

అక్కా,

పళ్ళు వద్దు. ఇకమీదట గోడ మీద ఏమీ పెట్టకండి.

వరలక్ష్మీ వ్రతం రోజున నేనూ పూజ చేసుకున్నాను. శనగలు నానబోసి, తాంబూలాలు సర్ది, వాకిట్లో పీట వేసుకుని కూర్చున్నాను. మీ ఇంటికి పేరంటానికి వచ్చిన వాళ్ళందరూ మా వాకిలి ముందు నుంచే వెళ్ళారు. అచ్చాయమ్మగారు కొంగుతో ముక్కు మూసుకుని, "మావగారిని కోతకిచ్చిన కొంప. గాలి కూడా పీల్చకండే" అన్నారు. కొత్త కోడలు రమ్యశ్రీ ఒక్కతే నా వంక చూసింది. దాన్ని కూడా చెయ్యి పట్టి లాక్కుపోయారు.

తరువాత మీ ఇంట్లో ఆ మాటే మళ్ళీ అన్నారు. గోడకి చెవి ఆనించి నిలబడ్డాను. మీ గొంతు వినబడుతుందేమోనని. వాళ్ళతో మాట్లాడకూడదని మీ ప్రమాణంలో లేదు కదా. గాజుల చప్పుడు వినబడింది. మీరు అందరికీ పసుపు రాస్తున్నారు.

మీ ఉత్తరాలు నాకు ప్రాణం పోస్తున్న మాట నిజమే. కానీ ఉత్తరం నా ఒక్కదానికే వినబడుతుంది.

శనగలు మొన్న ఈనిన గేదెకి పెట్టాను. భీమవరంలో ఇల్లు చూశాం. నవంబరు పదిహేనుకల్లా వస్తామని చెప్పాం.

లోవలక్ష్మి


యేటిపాడు, తూర్పు వాటా
సెప్టెంబరు 8

లోవలక్ష్మికి,

నీ ఉత్తరానికి జవాబు ఇరవై రోజులు ఆలస్యం చేశాను. నా లెక్కలో ఇంత ఆలస్యం ఎప్పుడూ లేదు.

ఆ రోజు నా చేతిలో పసుపు గిన్నె ఉంది. నోట్లో మాట కూడా ఉంది. బయటికి రాలేదు. ఎందుకు రాలేదో చెబితే నువ్వు ఇక నా ఉత్తరాలు తీసుకోవేమో. అయినా చెబుతాను.

ఆ కాగితం మీద రెండో సాక్షి సంతకం నీది కాదు. నాది.

యెహెజ్కేలు పోయిన తొమ్మిదో రోజున మావయ్యగారు వంటింట్లోకి వచ్చి కాగితం ఇచ్చారు. అప్పటికే మీ ఆయన హరిబాబు సంతకం ఉంది. "చదువుకునే పెట్టమ్మా" అన్నారు. రెండుసార్లు చదివి, చెయ్యి తుడుచుకుని పెట్టాను. ఆయన చెప్పింది సబబని నాకు అనిపించింది. మొహమాటానికి పెట్టిన సంతకం కాదది. నా అలవాటు ప్రకారం రెండు వైపులా జిరాక్సు తీయించి బియ్యం డబ్బా అడుగున, నోటుబుక్కుల కింద దాచాను.

మీ బావగారు అరిచిన రోజున నువ్వు "మేమిద్దరం" అన్నావు. కంగారులో అలా అన్నావనుకున్నాను. ఆ పూట నోరు మూసుకున్నాను. మర్నాడు చెబుదామనుకున్నాను. పదకొండో రోజున ప్రమాణం చేస్తూ కూడా అదే అనుకున్నాను. నువ్వు మోస్తున్నది నా బరువు.

ఇంకో సంగతి ఉంది. కాగితం వెనక మావయ్యగారు మీ బావగారి కోసం స్వయంగా రాసిన రెండు వరుసలున్నాయి. అవి ఆయనకి చూపించాలంటే ముందు వైపు కూడా కనబడుతుంది. అందుకని చూపించలేదు. దొడ్లో కట్టెలు చూసినప్పుడల్లా నా తప్పు రెండింతలవుతోంది.

సత్యకుమారి


యేటిపాడు, పడమర వాటా
సెప్టెంబరు 16

అక్కా,

మీ సంతకం నాకు తెలియదనుకున్నారా? పంతొమ్మిదేళ్ళుగా పచ్చళ్ళ జాడీల మీద మీరు అంటించే చీటీలు చదువుతున్నాను. మీ 'స' కింద తోక ఎవరికీ ఉండదు.

కాలేజీ వాళ్ళకి ఆ కాగితం ఇచ్చింది నేనే. అంబులెన్సు దగ్గర మడత విప్పినప్పుడు మొదటిసారి చూశాను. బావగారు చెయ్యి చాపారు. మీ మొహం చూశాను, వార్చిన గంజంత తెల్లగా అయిపోయింది. కాగితం మడిచేసి ఆ మాట అనేశాను. కంగారు కాదు. ఒక వాటాకైనా పాలూ నీళ్ళూ అందాలి, రెండూ పోతే ఎలా అనుకున్నాను.

కానీ నేనేమీ దేవతను కాదు. మీరే చెబుతారని రోజూ చూశాను. చెప్పనందుకు మీ మీద కోపంతో రెండుసార్లు మీ గోడ వైపు తిరిగి మెటికలు విరిచాను. ఇప్పుడు చెప్పారు. నాకు చాలు. బయట చెప్పకండి. బావగారి ముందు మీ బతుకు ఏమవుతుందో నాకు తెలుసు. మేం ఎలాగూ వెళ్ళిపోతున్నాం.

వెనక వైపు ఏముందో నేను చూడలేదు. ఏం రాశారు?

సీతాఫలాలు ఇంకా ఉంటే పెట్టండి. దుర్గాశ్రీ అడుగుతోంది.

మీ
లోవలక్ష్మి


యేటిపాడు, తూర్పు వాటా
అక్టోబరు 10

లోవలక్ష్మికి,

నిన్న అట్లతద్దికి గోడ మీద పదకొండు అట్లు, తోరం, తాంబూలం పెట్టాను. నువ్వు తీసుకున్నావు. నీ వాయనం నేను పుచ్చుకోలేను, ప్రమాణం ఇంకా ఉంది. నాది నువ్వు పుచ్చుకోవచ్చు. ఊళ్ళో ఒక్క ఆడమనిషి కూడా మా గుమ్మం ఎక్కలేదేమని నీకు ఆశ్చర్యం కలిగి ఉంటుంది. జరిగింది జరిగినట్టు రాస్తాను.

మొన్న మధ్యాహ్నం అచ్చాయమ్మగారి పెరట్లో అందరం గోరింటాకు దూసి రుబ్బుతున్నాం. నోటుబుక్కు తీసుకెళ్ళాను. ఆవిడ రోలు ముందు కూర్చుని, "ఏంటమ్మా సత్యకుమారీ, పదకొండో పేరు ఇంకా అలాగే ఉంచావంట? కొట్టేసి రమ్యశ్రీ పేరు ఎక్కించు" అన్నారు.

"ఒక్కటే కొడితే లెక్క తప్పుతుంది పిన్నిగారూ" అన్నాను.

"అదేం లెక్కే?"

"కాగితం మీద సంతకం పెట్టినవాళ్ళకి వాయనం లేదన్నారు కదండీ. లోవలక్ష్మి పెట్టలేదు. నేను పెట్టాను." పుస్తకంలోంచి జిరాక్సు తీసి రోలు పక్కన పెట్టాను. పెన్ను తీసి మొదటి పేరు కొట్టేశాను. నాది.

రోలు ఆగిపోయింది. అచ్చాయమ్మగారు ఆకు చేతులతోనే నోరు మూసుకున్నారు, గడ్డమంతా పచ్చబడింది. "ఇన్నాళ్ళూ మా మధ్యనే కూర్చుని తిన్నావుటే!"

"తిన్నానండి. మీరూ మా ఇంట్లో తిన్నారు. శ్రావణంలో పులిహోర రెండుసార్లు అడిగి వడ్డించుకున్నారు. ఎవరికీ ఏమీ కాలేదు కదండీ."

రమ్యశ్రీ వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టి, "అయితే ఇప్పుడు పదకొండుకి ఎంతమంది తక్కువండీ?" అంది. అత్తగారు దాని తొడ గిల్లింది. నాకు నవ్వు వచ్చింది లోవలక్ష్మీ. భయం వల్లే అనుకుంటాను.

నోటుబుక్కు అక్కడే వదిలేసి వచ్చాను. ఇక ఎవరు రాసుకుంటారో రాసుకోనీ.

నేను వచ్చేసరికి కబురు మీ బావగారికి చేరిపోయింది. జిరాక్సు వెనక వైపు పైకి పెట్టి ఆయన ముందు బల్ల మీద ఉంచాను. "మీ నాన్నగారు మీకు రాసింది. నాలుగు నెలలు దాచాను. తప్పు నాది" అన్నాను. ఆయన చూడలేదు. దాని మీద చెంబు పెట్టి లేచి వెళ్ళిపోయారు. అప్పటి నుంచి నాతో మాటల్లేవు. ఉప్పు కావాలంటే కంచం మీద కొడతారు.

వెనక ఏముందని అడిగావు. ముందు ఆయన చదవాలి. తరువాతే నీకు.

ఈ పొద్దున పాలబ్బాయి మా గుమ్మం కూడా దాటి వెళ్ళిపోయాడు. నీ గేదె ఇస్తున్న పాలు మీ ముగ్గురికీ సరిపోతున్నాయా?

సత్యకుమారి


యేటిపాడు, పడమర వాటా
అక్టోబరు 18

అక్కా,

మీ ఉత్తరం మీ మరిదికి గట్టిగా చదివి వినిపించాను. నేను మెటికలు విరిచిన సంగతి కూడా చెప్పేశాను, నన్ను తిట్టారు.

అట్లు కాస్త మాడాయి. పంతొమ్మిదేళ్ళలో మీ అట్టు మాడడం ఇదే మొదలు. ఆ రోజు మీ మనసు ఎలా ఉందో అప్పుడే అనుకున్నాను. మాడినవి నేనే తిన్నాను.

పాలబ్బాయి మీ గుమ్మం దాటిపోవడం చూసిన రోజు నుంచీ పొద్దున్నే గోడ మీద పాల చెంబు పెడుతున్నాను. మీరు ముట్టడం లేదు, మీ ప్రమాణం నాకు తెలుసు. అయితే అది మీ ఒక్కరిదే కదా. ఎనిమిది రోజులు పాలు అలాగే విరిగిపోయాయి. ఈ పొద్దున ఖాళీ చెంబు తోమి బోర్లించి ఉంది. మీరు కాదు. మరి ఎవరు?

లోవలక్ష్మి


యేటిపాడు, తూర్పు వాటా
నవంబరు 2

లోవలక్ష్మికి,

చెంబు ఎవరు తోమారో నీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. ఇరవై తొమ్మిదేళ్ళ కాపరంలో ఆయన ఒక గిన్నె తోమడం నేను చూడలేదు. చింతపండు పెట్టి తోమారు.

బల్ల మీది కాగితం ఎప్పుడు చదివారో తెలియదు. నిన్న పొద్దున దొడ్లోకి వెళ్ళి, పేర్చి ఉన్న కట్టెలు విప్పి ఎండలో పరుస్తున్నారు. నేను గుమ్మంలో నిలబడ్డాను. ఇరవై నాలుగు రోజుల తరువాత మొదటి మాట అన్నారు. "బాగా ఎండాక సగం వాళ్ళకి ఇవ్వు." "ముందే చూపించి ఉంటే..." అని ఆపేశారు. నేనూ వెళ్ళి కట్టెలు అందించాను.

ఇప్పుడు నువ్వు చదవొచ్చు. మావయ్యగారు రాసిన రెండు వరుసలు ఇవి: 'పిల్లలు నా మీద పాఠం మొదలుపెట్టే రోజున నా పెద్దకొడుకు శివరామకృష్ణ వచ్చి మొదటి పువ్వు పెట్టాలి. తలకొరివి బదులు వాడికి ఈ పని ఉంచుతున్నాను.'

ఆ రోజు ఎప్పుడని ఆయనే కాలేజీకి ఫోను చేసి కనుక్కున్నారు. నీకు ఒక చీటీ రాశారు, దీనితో పెడుతున్నాను. ఈ కవరు మీద ముద్ర ఉండదు. పోస్టుకి ఇవ్వడం లేదు.

సత్యకుమారి


లోవలక్ష్మికి, హరికి,

ఎనిమిదో తారీకు శనివారం కాకినాడ రమ్మన్నారు. ఏడింటి బస్సు. ఆ కాలేజీ గుమ్మం నాకు తెలియదు. అమ్మా, నువ్వు ఒకసారి వెళ్ళినదానివి, దారి చూపించాలి. పిల్లని కూడా తీసుకురండి, బస్సులో నా పక్కన కూర్చుంటుంది.

నాన్న నాటిన నందివర్ధనం పంపకాల్లో మీ వాటాలోకి వచ్చింది. దాని పువ్వు ఒకటి నాకు ఇవ్వాలి.

భీమవరం సంగతి వచ్చాక మాట్లాడుకుందాం. నేను అడగాల్సినవి కూడా ఉన్నాయి. రాయడం నాకు చేతకాదు.

మీ అక్కను ప్రమాణం నుంచి విడిపించాను. ఈ కాగితం గోడ మీద పెట్టి, అక్కడే నిలబడి ఉంది. పిలువు, పలుకుతుంది.

శివరామకృష్ణ